మూతి కుదరని ఊపిరిమణి

పొద్దు పడమటికి వాలుతున్న వేళ, దుమ్ము కొట్టుకుపోయిన ఎడ్లబండి ఒకటి త్రిశృంగ మహానగరపు కోటగుమ్మం ముందు ఆగింది. బండి పక్కన గుర్రం మీద కూర్చున్న రత్నాల వర్తకుడు నిజానికి వర్తకుడు కాదు, మగవాడూ కాదు. చక్రవాళ రాజ్యపు రాకుమారి హిరణ్మయి. బండిలో ముసుగు కప్పుకుని పడుకున్న ‘వర్తకుడి భార్య’ ఆమె తమ్ముడు, చక్రవాళానికి కాబోయే రాజు అరుణకేతుడు. బండి తోలుతున్న ముసలివాడు కాటమనాయకుడు. రాకుమారికి కత్తి పట్టడం నేర్పిన సేనాని. వేషం కోసం మీసాలు తీసేయవలసి వచ్చిందని పొద్దుటినుంచీ మొహం గంటు పెట్టుకుని, ఎడ్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడడం లేదు.

ఆహా, ఏం నగరం అది! కెంపురాతి ప్రాకారాలు, వాటి మీద మూడేసి కొమ్ములు తేలిన బురుజులు, బురుజుల మీద నీలిపట్టు పతాకాలు. వీధి మలుపు మలుపునా తామరమొగ్గ ఆకారంలో రాగి స్తంభాలు. మేడల కిటికీలు మూడుమూలలు, గుమ్మాల ముందు ముగ్గులు మూడుమూలలు, ఆడవాళ్ల నుదుట బొట్టు మూడుమూలలు. ఆఖరికి బజారులో పెనం మీద కాలుతున్న రొట్టె కూడా మూడుమూలలే. ఆ ఊరివాళ్లకి గుండ్రంగా ఉన్నదేదైనా పరాయిదే. పైనున్న చంద్రుణ్ణి మాత్రం ఏమీ చేయలేక ఊరుకున్నారు.

ఆ అందమేదీ హిరణ్మయి కంటికి ఆనలేదు. ఆమె చూపంతా తమ్ముడి ఛాతీ మీదున్న ఊపిరిమణి మీదే ఉంది. మణి నిండుగా ఉంటే తెల్లగా వెలుగుతుంది. తరిగితే పసుపుపచ్చన అవుతుంది. ఇప్పుడది పండు మిరపకాయ రంగులో ఉంది. అది నల్లబడితే అరుణకేతుడి గుండె ఆగుతుంది.

కథ ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. వహ్నిగిరి అనే కొండ కడుపులో తేజస్సు ఊట ఒకటి ఉంది. దాని చుట్టూ ఉన్న మూడు రాజ్యాలూ కొండ కిందికి రాగి గొట్టాలు దింపుకుని, ఆ తేజస్సుని తమ తమ స్తంభాలకి తెచ్చుకున్నాయి. జనం వెలుగుకి దివ్వెమణి, చలికి వెచ్చమణి, దూరాన ఉన్నవాళ్లతో మాటలకి పలుకుమణి చేతపట్టుకుని తిరుగుతారు. మణిలో తేజస్సు అయిపోతే దాని మూతిని స్తంభం నోట్లో పెట్టి తాగించుకుంటారు. ఊట ఒకటే, తేజస్సు ఒకటే. కానీ చక్రవాళం మణులకి గుండ్రటి మూతి, త్రిశృంగం మణులకి మూడుమూలల మూతి, ఫలకపురి మణులకి నాలుగుమూలల పలక మూతి. ఒకరి మణి మరొకరి స్తంభం నోట్లో పట్టదు. పొలిమేర దాటిన బాటసారి చీకట్లో తడుముకోవలసిందే.

ఈ పీడ వదిలించుకుందామని కొండ దిగువన ముగ్గురు ప్రభువులూ సభ చేశారు. అన్ని రాజ్యాల మణులకీ ఒకే మూతి ఉండాలని ముగ్గురూ ముక్తకంఠంతో ఒప్పుకున్నారు. అది తమ మూతే అయి ఉండాలని కూడా ముగ్గురూ అన్నారు. మాటలు ముదిరి కత్తులు లేచాయి. ఆ గందరగోళంలో మాంత్రికుడు కరాళజిహ్వుడి విషబాణం ఎక్కడినుంచో వచ్చి అరుణకేతుడి ఛాతీలో దిగింది. రాజవైద్యుడు ఊపిరిమణి తీగని గుండెకి తాకించి కట్టి ప్రాణం నిలిపాడు. చక్రవాళానికి పోయే వంతెన తగలబడిపోయింది. అందుబాటులో ఉన్న స్తంభాలు త్రిశృంగానివే.

"మణి చూపించవయ్యా!" కోటగుమ్మం దగ్గర భటుడు బల్లెం అడ్డం పెట్టాడు.

నగరంలోకి వచ్చే ప్రతి బండి యజమానీ తన మణిని గుమ్మం దగ్గరి స్తంభం నోట్లో పెట్టి వెలిగించి చూపించాలి. పట్టినవాడు తమవాడు, పట్టనివాడు శత్రువు. హిరణ్మయి దారిలో ఒక త్రిశృంగం బాటసారి దగ్గర సంపాదించిన దివ్వెమణిని బయటికి తీసింది. మణి సంగతి సరే, భయమంతా చేతితోనే. చక్రవాళంలో మణిని స్తంభం నోట్లో పెట్టి మణికట్టు కుడివైపుకి తిప్పితే గాని బిగుసుకోదు. పాలు మరవని నాటినుంచీ ఆ చెయ్యి అలా తిరగడానికే అలవాటుపడింది. త్రిశృంగంలో తిప్పుడు లేదు, తిన్నగా నొక్కడమే. తిప్పకు, తిప్పకు అని తనకి తాను చెప్పుకుంటూ ఆమె మణిని నొక్కింది. దివ్వె వెలిగింది. భటుడు బల్లెం తీశాడు.

బజారు మొదట్లోనే వంకాయల బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్న ఒకామె గొంతు తగ్గించి పిలిచింది.

"ఏం దొరా, బండిలో అమ్మగారికి సుస్తీగా ఉందా? ముసుగులోంచి మణి ఎర్రగా కనపడుతోంది, మూతి పట్టక తిప్పలు పడుతున్నట్టున్నారు. మూతిమార్పు కావాలా?"

హిరణ్మయి ఉలిక్కిపడింది. బుట్టామె వంకాయలు పక్కకి తోసి అడుగునుంచి వేలెడు రాగి ముక్క ఒకటి తీసింది. ఒక వైపు గుండ్రటి నోరు, ఇంకో వైపు మూడుమూలల మూతి.

"మా పిన్ని కొడుకు చేశాడు. రాణిగారి ఆస్థానంలో కూడా ఇంత పని చేసేవాడు లేడు. ఎవరికీ చెప్పకండి, భటులు చూశారంటే నా బుట్టతోపాటు నన్నూ కోట గోడ అవతలికి విసిరేస్తారు."

కాటమనాయకుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోటితో గీకి, పొద్దుటినుంచీ బిగబట్టుకున్న నోరు విప్పాడు. "అమ్మా, ఇది రాగి కాదు. తగరానికి రాగి పూత. నాకు నచ్చలేదు."

"వేరే దారి చెప్పు బాబాయ్."

ముసలివాడి దగ్గర వేరే దారి లేదు. హిరణ్మయి వేలి ఉంగరం తీసి ఆమె చేతిలో పెట్టింది.

జనసంచారం తక్కువగా ఉన్న ఒక సందులో బండి ఆపి, ఊపిరిమణికి మూతిమార్పు తగిలించి స్తంభం నోట్లో నొక్కారు. మణి ఎరుపు మెల్లగా పసుపుకి తిరిగింది. ముసుగు కింద అరుణకేతుడు గుండెల నిండా గాలి పీల్చాడు. హిరణ్మయికి పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది.

ఆ సంబరం ముగియకముందే మాడు వాసన కొట్టింది. రాగి పూత పొరలు పొరలుగా లేచిపోయి, లోపలి తగరం కరిగి కారసాగింది. స్తంభం ఎద్దులా రంకె వేసింది. వీధి పొడుగునా దీపాలు టపటపా కొట్టుకుని ఆరాయి. పొయ్యిల మీద వెచ్చమణులు చల్లారాయి. "ఏ దిక్కుమాలినవాడు స్తంభంలో చెత్త పెట్టాడు?" అంటూ ఆడవాళ్లు గరిటెలు పట్టుకుని బయటికి వచ్చారు. మణి పసుపు పోయి ఎరుపు, ఎరుపు పోయి రక్తం గడ్డకట్టిన రంగు.

హిరణ్మయి ఒళ్లు మరిచి మణి మీద చెయ్యి వేసింది. వేసి, ఎడమవైపుకి తిప్పి లాగింది.

"తిప్పింది చూశారా! అది చక్రవాళం చెయ్యి!" ఎదురింటి అరుగు మీదినుంచి ఒక ముసలమ్మ కేక పెట్టింది.

ఇక చెప్పేదేముంది. సందు రెండు కొసలనూ భటులు మూసేశారు. కాటమనాయకుడు బండి కాడి ఊడబెరికి గిరగిరా తిప్పాడు. ముందుకొచ్చిన వాళ్లు వచ్చినట్టే వెనక్కి పడ్డారు. హిరణ్మయి తలపాగా ఊడి నల్లని జడ వీపు మీద పడింది. కత్తి దూసి ఒకడి డాలు చీల్చింది, ఇంకొకడి బల్లెం నరికింది. మూడోవాడు అరుగు ఎక్కి దూకబోతే కాలితో తన్ని గడ్డివాములోకి పంపింది. దారి తెరుచుకున్నట్టే ఉంది. ఇంతలో బెదిరిన ఎడ్లు బండిని ఒరిగించేశాయి. అరుణకేతుడు రాళ్ల మీద దొర్లి కదలకుండా పడిపోయాడు. ఆమె చేతిలోని కత్తిని తనంత తానే కింద పారేసింది.

త్రిశృంగాన్ని ఏలే రాణి శూలినీదేవి కొలువుకూటంలో సింహాసనం పక్కనే పెద్ద స్తంభం ఉంది. నగరంలోని స్తంభాలన్నిటికీ తల్లి అది. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. ఎదురుగా తోట, తోట అవతల ప్రసూతిశాల తెల్లని గోడలు కనిపిస్తున్నాయి. నెరుస్తున్న జుట్టుతో, నగ ఒక్కటీ లేని మెడతో ఉన్న రాణి, బందీలను ఎగాదిగా చూసింది.

"సభలో మీ నాన్నగారు ఒకే మూతి, ఒకే మూతి అని గొంతు చించుకున్నారు. ఆయన కూతురివేనా నువ్వు?"

"అవును మహారాణీ. ఆ మాట ఆ రోజే నిజమై ఉంటే నా తమ్ముడికి ఈ గతి పట్టేది కాదు. ఊట ఒకటే కదా! మీ స్తంభంలో ఉన్నది వాడికి పనికొచ్చే తేజస్సే కదా! మూతి పట్టలేదన్న ఒక్క కారణానికి మనిషి చచ్చిపోవాలా?"

రాణి లేచి వచ్చి అరుణకేతుడి పక్కన నేల మీదే కూర్చుంది.

"నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మా మామగారికీ ఈ ముచ్చటే పుట్టిందమ్మా. ఫలకపురితో పొందు కుదుర్చుకుని, పొలిమేర స్తంభాలకి రెండు రాజ్యాల మణులూ పట్టే నోరు పెట్టించారు. ఊరంతా పండగ చేసుకున్నాం. ఆ చలికాలంలో కరాళజిహ్వుడు అవతలి గట్టున కూర్చుని ఆ నోటికి తన నోరు ఆనించి పీల్చాడు. తెల్లారేసరికి ఈ నగరంలో వెచ్చమణి ఒక్కటీ వెచ్చగా లేదు. నా తొలిచూలు బిడ్డ ఉయ్యాల్లోనే బిగుసుకుపోయాడు. అందుకే మా మూతి మాకు కోట గోడ. మా మూతే కావాలని పట్టుబడితే ఎవరూ ఒప్పుకోరని తెలిసే సభలో తలూపాను. దాన్ని పడగొట్టమని నువ్వు నన్ను అడుగుతున్నావు."

సభ కోసం తండ్రి తయారుచేసుకున్న వాదాలన్నీ హిరణ్మయికి కంఠతా వచ్చు. వాటిలో ఏదీ ఈ తల్లి ముందు చెప్పదగింది కాదు. ఆమెకి సిగ్గువేసింది, దుఃఖమూ వేసింది.

"ఒక దారి ఉంది," అంది రాణి. "మూతిదీక్ష. మా కంసాలి ఈ మణి గుండ్రటి మూతిని మూడుమూలలుగా దిద్దుతాడు. దిద్దిన మణి తాను పుట్టిన స్తంభాన్ని మరిచిపోతుందని మా పెద్దలు చెప్పారు. మణితోపాటు మనిషీ అంతే. ఆ క్షణంనుంచి వీడు త్రిశృంగం బిడ్డ. చక్రవాళం సింహాసనం ఎక్కడు, ఈ పొలిమేర దాటడు. మళ్లీ మీ ఊరి స్తంభం ఈ మణికి పట్టదు."

"వద్దక్కా," అన్నాడు అరుణకేతుడు. పెదవులు కదిలాయి గాని ఆ మాట పక్కనున్న వాళ్లకి కూడా సరిగా వినపడలేదు.

కాటమనాయకుడు బావురుమన్నాడు. "యువరాజుని పరాయివాళ్లకి దత్తు ఇచ్చి వచ్చామని మహారాజుగారికి ఏ మొహం పెట్టుకుని చెప్పను తల్లీ?"

"నా పేరు చెప్పు బాబాయ్. నేనే ఇచ్చానని చెప్పు." హిరణ్మయి తమ్ముడి నుదుటి మీది చెమట తుడిచింది. వాడు తనని జన్మలో క్షమించకపోయినా సరే, బతికుంటే చాలనుకుంది. "దిద్దించండి మహారాణీ."

శంఖాలు ఊదారు. కంసాలి వజ్రపు ఆకురాయి పట్టి కూర్చున్నాడు. రాపిడికి నిప్పురవ్వలు చిమ్ముతుంటే, తాతల నాటి గుండ్రటి మూతి అంచు అంచుగా అరిగి మూడు మూలలు తేలింది. అంతఃపుర స్త్రీలు అరుణకేతుడి పాదాలకి పసుపు రాశారు, త్రిశృంగం ఏటి నీళ్లు నోట్లో పోశారు, "మా ఇంటి పిల్లాడా, మా చల్లని పిల్లాడా" అని పాడుతూ నుదుట మూడుమూలల బొట్టు పెట్టారు. ఆ ఊళ్లో పురిటిబిడ్డకి చేసే వేడుకే అది. రాణి స్వయంగా మణిని అందుకుని పెద్ద స్తంభం నోట్లో తిన్నగా నొక్కింది.

నలుపుకి తిరుగుతున్న మణి ఎర్రబడింది, పసుపుపచ్చనయింది, మల్లెపువ్వులా తెల్లబడింది. అరుణకేతుడు కళ్లు తెరిచాడు.

"అక్కా, ఆకలేస్తోంది."

హిరణ్మయి నవ్వింది, ఏడ్చింది, రెండూ కలిపి చేసింది. పరిచారిక పాలగిన్నె తెచ్చేలోగానే కొలువుకూటం చివరి దీపం ఆరింది. గాలికేమో అనుకున్నారు. దాని పక్కది ఆరింది. ఆ పక్కది కూడా. మణి తెలుపు దాటి నీలంగా మండుతోంది. స్తంభంలోంచి ఎవరో గొట్టంతో నీళ్లు జుర్రుకుంటున్న చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు మధ్య ఒక బొంగురు నవ్వు.

"శూలినీ! మూతి గీకితే మణి పుట్టుక మారుతుందని నీకెవరు చెప్పారే? తాను పుట్టిన స్తంభాన్ని ఏ మణీ మరిచిపోదు, దాని గొట్టాలకి దారి మణిలో తెరిచే ఉంటుంది. నేను చక్రవాళం గొట్టాల మొదట్లో కూర్చున్నాను. నా బాణానికి ఈ పిల్లవాడు చావడం నాకెందుకు? వాడి మణి నీ స్తంభంలోకి రావాలి, అంతే. మీరే దిద్ది, మీరే పెట్టారు!"

కరాళజిహ్వుడు! తరతరాలుగా నమ్ముకున్న మూతిదీక్షే కోట గోడలో వాడికి గుమ్మం అయింది. రాణి స్తంభం వైపు చెయ్యి చాపి అరిచింది.

"లాగెయ్యండి ఆ మణిని!"

భటులు ముందుకు దూకారు. హిరణ్మయి ఒకడి ఒరలోంచి కత్తి లాక్కుని స్తంభానికి అడ్డంగా నిలబడింది. "దగ్గరికొస్తే నరుకుతాను! మణిలో పడ్డదంతా వాడు పీల్చేస్తున్నాడు. అందులో బొట్టు కూడా నిలవడం లేదు. లాగితే వీడి గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది!"

"లాగకపోతే నా నగరం ఆగిపోతుంది!"

ఇద్దరిదీ నిజమే. ఏం చెయ్యాలో తెలియక భటులు రాణి వంకా రాకుమారి వంకా చూశారు. వెలుపల వీధిలో దీపాలు వరసగా ఆరుతూ వస్తున్నాయి, ఇళ్లలోంచి కేకలు వినిపిస్తున్నాయి. కాటమనాయకుడు ఒక్క అంగలో వచ్చి స్తంభం అడుగున రాతిపలక మీద కాలితో తన్నాడు. బోలుగా మోగింది.

"దీని కింద సొరంగం ఉండాలి. మూడు రాజ్యాల గొట్టాలూ కొండ కింద ఒకచోటే కలుస్తాయి. వాడి నోరు అక్కడినుంచి ఊడబెరికితే మణి నిండుతుంది, ఊరూ నిలుస్తుంది."

"సొరంగం ఉంది," అంది రాణి. "దిగినవాళ్లు తిరిగిరాలేదు." ఆమె చూపు తోట అవతలి ప్రసూతిశాల కిటికీల మీద నిలిచింది. అక్కడ వెచ్చమణుల కాంతి ఇంకా నారింజరంగులో ఉంది. "దిగమ్మా. వీధులు చీకటైనా ఓర్చుకుంటాను. ఈ కోట చల్లబడ్డా ఓర్చుకుంటాను. ఆ కిటికీలదాకా చలి వచ్చిందంటే మాత్రం మణిని నేనే లాగేస్తాను. నన్ను తిట్టుకో."

"అంత పని మీకు పెట్టను రాణీగారూ," అన్నాడు అరుణకేతుడు.

అందరూ అటు తిరిగారు. అతను మోచేతి మీద లేచి కూర్చుని, మణి మీద తన చెయ్యి వేసుకున్నాడు. నుదుటి బొట్టు ఇంకా తడి ఆరలేదు.

"ఇందాక వీళ్లు నన్ను ఇంటి పిల్లాడన్నారక్కా. నేను వద్దన్నాను, నువ్వు సరేనన్నావు. అయిపోయింది. ఇప్పుడు మా ఊళ్లో పసిబిడ్డలు చలికి చస్తుంటే నేను మణి కట్టుకుని పడుకోలేను. ఆ కిటికీలు ఆరితే నేనే లాగుతాను."

మా ఊళ్లో. ఆ మాట హిరణ్మయి గుండెలో ములుకులా దిగింది. తమ్ముణ్ణి దక్కించుకోవడానికి ఇచ్చుకున్నది సింహాసనం ఒక్కటే అనుకుంది ఇందాక.

"బాబాయ్, వాడి చెయ్యి పట్టుకుని ఉండు. నేను వచ్చేదాకా కదలనివ్వకు."

కాటమనాయకుడు తల వంచుకున్నాడు. ఆమెకి కత్తి నేర్పిన ఆ చేతులు రెండూ మోకాళ్ల మీదే ఉండిపోయాయి. కుర్రవాడు అన్నది తప్పని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. చెప్పమని అడగడానికి ఆమెకీ రాలేదు.

భటులు రాతిపలక లేపారు. లోపలినుంచి కాలిన రాగి వాసన వేడిగా మొహాన కొట్టింది. హిరణ్మయి కత్తి పళ్లమధ్య కరుచుకుని, లోపలికి వేలాడుతున్న గొలుసు పట్టుకుని చీకట్లోకి జారింది. జారుతూ ఒక్కసారి తల ఎత్తి చూసింది. తమ్ముడు తనవైపు చూడడం లేదు. మణి మీద చెయ్యి వేసుకుని, తోట అవతలి కిటికీలనే చూస్తున్నాడు. వాటిలో ఒకటి మినుకుమంది. ఆమె గొలుసు వదిలేసి దూకింది.